వర్ణ-16కు సాక్షి

నయీమ్ చిప్పు మీద వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

కంప్యూటర్లు బాగుచేసేవాడికి ఇంతకంటే చెడ్డ కబురు ఉండదు. చిప్పు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నా నయమే, లోపల ఇంకా ఏదో జరుగుతోందని అర్థం. కరెంటు ఇచ్చి పది నిమిషాలైనా చల్లగానే ఉందంటే దాని పని అయిపోయినట్టే. ఈ మాట నయీమ్ పాతికేళ్లకు పైగా గిరాకీలకు చెబుతూ వచ్చినదే. "పోయిందన్నా, ఇంక దీనెంబడి పడొద్దు" అని ఎంతమందిని వెనక్కి పంపాడో. తన దాకా వచ్చేసరికి మాత్రం ఆ బుద్ధి పనిచేయలేదు. సోమవారం పొద్దున తెర మీద గులాబీ గీతలు పడి, సన్నగా కాలిన వాసన వచ్చి, కార్డు ఆగిపోయింది. అప్పటినుంచి బుధవారం మధ్యాహ్నం దాకా దాని మీదున్న కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి అతికించాడు. ఎక్కడైనా తెగిందేమోనని కార్డు మీది ప్రతి రాగి గీతకూ మీటరు పెట్టి చూశాడు. అల్లాను తలుచుకున్నాడు, కార్డును తిట్టాడు. చిప్పు చల్లగానే ఉంది.

ఆదివారం గడువుకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

ఆ కార్డు పేరు వర్ణ-16. మీరు విని ఉండరు, విననందుకు మీరు పోగొట్టుకున్నదీ ఏమీ లేదు. తొంభై మూడులో బెంగళూరులో నలుగురు ఇంజనీర్లు చిన్న కంపెనీ పెట్టి, కంప్యూటర్ తెర మీద రంగుల బొమ్మలు చూపించే కార్డు సొంతంగా తయారుచేశారు. లోకంలో ఉన్న కార్డులన్నీ బొమ్మను ఎడమనుంచి కుడికి వరసలుగా గీస్తే, వీళ్ల కార్డు పైనుంచి కిందికి నిలువు పట్టీలుగా గీస్తుంది. ఎందుకలా అంటే చెప్పేవాడు లేడు. మూడు వందల కార్డులు చేశారు, రెండేళ్లు తిరక్కుండా దుకాణం కట్టేశారు. అందులో రెండు కార్డులు, పాత కంప్యూటర్లతో పాటు, తొంభై ఎనిమిదిలో నంద్యాలకు వచ్చిపడ్డాయి. అప్పటికి నయీమ్ ఇరవై రెండేళ్ల కుర్రాడు, ఒక కంప్యూటర్ సెంటర్లో పనికి ఉండేవాడు. ఒకదాన్ని ఆళ్లగడ్డ శిల్పి ఒకాయన కొనుక్కుపోయాడు. రెండోది సెంటర్ మూసేసిన రోజు "తీసకపో" అంటే నయీమ్ ఎత్తుకొచ్చుకున్నాడు.

ఇక ఆట సంగతి. పాత కంప్యూటర్ల కాలంలో ఒక ఆట ఉండేది. చేతిలో లాంతరు పట్టుకున్న మనిషి ఒకడు గుహల్లోకి దిగుతూ పోతాడు, అంతే. ఆట చేసిన కంపెనీ పోయింది, ఆట మీద ప్రేమ పెంచుకున్నవాళ్లు మిగిలారు. వాళ్లు దేశదేశాల్లో ఉండి, పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఆ ఆటను మళ్లీ మొదటినుంచి రాశారు. ప్రతి పాత కంప్యూటర్ మీదా, ప్రతి పాత కార్డు మీదా అది ఆడాలన్నది వాళ్ల పంతం. పన్నెండేళ్ల కిందట నయీమ్ వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్లకు ఉత్తరం రాశాడు, వర్ణ-16 మీద కూడా ఆడేటట్టు చేయగలరా అని. ఆ కార్డు పేరు మేము వినలేదు, నీ దగ్గర ఉంటే నువ్వే రాయి అని జవాబు వచ్చింది.

రాశాడు. ఎలా రాశాడో చెబితే నవ్వుతారు. ఆ కార్డుకు పుస్తకం లేదు, చెప్పే మనిషి లేడు. కార్డులోకి ఒక అంకె పంపడం, తెర మీద ఏం మారిందో చూడటం, నోటుబుక్కులో రాసుకోవడం. మళ్లీ ఇంకో అంకె. పద్నాలుగు నెలలు. లాంతరు మనిషి తెర మీద తలకిందులు కాకుండా నిలబడిన రోజు భార్య సుమయ్యాను పిలిచి చూపించాడు. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "మొహం పచ్చగా ఉందేందీ, కామెర్లా?" అంది. నిజమే, పచ్చగా ఉంది. అది సరిచేయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆ ఆట వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త వెర్షన్ వచ్చే ముందు ప్రతి కార్డుకూ ఒక సాక్షి ఉండాలి. నకలు పనికిరాదు, అసలు కార్డు మీద ఆడించి, "ఆడింది" అని ఒక్క మాట రాయాలి. గడువులోగా సాక్షి మాట రాకపోతే ఆ కార్డు కోసం రాసినదంతా ఆటలోంచి తీసేస్తారు. ఆట మొదట్లో సాక్షుల జాబితా ఉంటుంది. అందులో నలభై రెండో వరసలో, అన్నిటికంటే కింద, "వర్ణ-16: నయీమ్, నంద్యాల" అని ఉంటుంది.

నయీమ్ జీవితంలో నిలబడింది ఆ ఒక్క వరసే. గాంధీ చౌక్ వెనక సందులో దుకాణం ఉంది గానీ ఇప్పుడు కంప్యూటర్లు తెచ్చేవాళ్లు లేరు. సెల్‌ఫోన్లకు అద్దాలు వేయడం, ఛార్జర్లు అమ్మడం. బాగుచేసిన కంప్యూటర్లన్నీ ఎప్పుడో పాత సామాన్ల బండెక్కాయి. కార్డు పోతే పోయింది, దానివల్ల ఏం మునిగిపోయిందని మీరంటారు. సుమయ్యా కూడా అదే అంది. అయితే నయీమ్‌కు ఒక ఆశ ఉండేది. మూడు వందల కార్డుల్లో ఇంకొకటి ఎక్కడో ఉండకపోతుందా? ఏ కాలేజీ మూలనో, ఏ రిటైరైన మాస్టారి ఇంట్లోనో. ఎవరో ఒకరు చప్పుడు కాకుండా ఆడుకుంటూనే ఉంటారు, తను రాసినది లేకపోతే వాళ్ల తెర చీకటైపోతుంది. ఆ ఎవరో కోసమే పన్నెండేళ్లు ప్రతి వెర్షన్‌కూ కూర్చున్నాడు.

బుధవారం సాయంత్రం మీటరు పక్కన పెట్టాక, ఆళ్లగడ్డకు పోయిన ఆ ఇంకో కార్డు గుర్తొచ్చింది.

గురువారం పొద్దున్నే బస్సెక్కాడు. సుమయ్యా అన్నం కట్టిస్తూ, "ఇరవై ఏడేండ్లయిందే, ఇంకా ఉంటాదా అది?" అని అడిగింది.

"రాళ్లు జెక్కేటోళ్లు ఏదీ పారెయ్యరు" అన్నాడు నయీమ్. శిరివెళ్ల దాటేదాకా ఆ మాటే తనకు తాను చెప్పుకుంటూ పోయాడు.

కార్డు కొన్న శిల్పి పేరు చెన్నకేశవులు. ఆయన శిల్పశాల హైవే పక్కనే. రేకుల కింద గ్రైండర్ల మోత, మనుషుల కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము. ఒక పక్క సగం చెక్కిన నరసింహస్వామి, ఇంకో పక్క గోనెసంచి ముసుగేసుకుని ఎవరో నాయకుడు ఆవిష్కరణ కోసం ఎదురుచూస్తున్నాడు. చెన్నకేశవులుకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. నయీమ్‌ను చూసి రెండు నిమిషాలు గుర్తుపట్టలేదు. పట్టాక వదల్లేదు.

"కంప్యూటర్ నయీమువి గదా! ఏందప్పా అట్ల నెరిసిపోయినావు? ప్రసన్నా, మజ్జిగ తేమ్మా, నంద్యాలనుంచి మనోడొచ్చినాడు."

కోడలు ప్రసన్న మజ్జిగ తెచ్చింది. నయీమ్ గ్లాసు పట్టుకునే అడిగేశాడు. "అన్నా, తొంభై ఎనిమిదిలో నేను బిగిచ్చిన కంప్యూటరు, ఉందా?"

"ఉందా అంటావేంది?" చెన్నకేశవులుకు కోపమే వచ్చింది. "యాడికి పోతాది? రెండేండ్లు బొమ్మలు గీసినాం దాంట్లో. ఆమైన చెడిపాయ. చెడిపోతే మాత్రం పారేస్తామా? మాకు అన్నం పెట్టిన పనిముట్టు. దేవున్ని చూసినట్టు చూసుకుంటాండాం."

నయీమ్‌కు ప్రాణం లేచొచ్చింది. లోపలి గదిలో, దుమ్ము పడకుండా, పట్టుగుడ్డ కప్పి ఎత్తుపీట మీద పెట్టారు కంప్యూటర్‌ను. పైన ఎలుక చిల్లు లేదు, తుప్పు లేదు. డబ్బా అద్దంలా తుడిచి ఉంది. కుదురైన ఇంట్లో పడింది నాయనా ఈ కార్డు, అనుకున్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి వెనక నాలుగు మరలూ తిప్పాడు.

మరలు సులువుగా తిరిగాయి. అక్కడే అతనికి అనుమానం వచ్చి ఉండాలి. ఇరవై ఏడేళ్లు ముట్టుకోని మర అంత సులువుగా తిరగదు. చేసే పనిలో ఆత్రం ఉన్నప్పుడు చెయ్యి చెప్పేది తల వినదు. మూత ఎత్తాడు.

లోపల వర్ణ-16 కనిపించలేదు. దాని చోట పసుపూ కుంకుమా గంధమూ పొరలు పొరలుగా ఎండిన ఒక అచ్చు ఉంది. నడిమధ్యన, పెద్ద చిప్పు ఉండాల్సిన చోట, రూపాయి బిళ్లంత బొట్టు. దాని పక్కన ఎండి నల్లబడిన నిమ్మచెక్క, రెండు చామంతి రేకులు.

"ప్రతి దసరాకూ ఆయుధపూజ దీనికే మొదలు" అన్నాడు చెన్నకేశవులు, వెనకనుంచి మెడ చాచి చూస్తూ. గొంతులో గర్వం దాచుకోలేదు. "ఉలులు, సుత్తులు, గ్రైండర్లు అన్నీ ఆమైననే. ఇరవై ఏడు దసరాలు, ఒక్కటి తప్పలే. బయట డబ్బాకు బొట్టు పెడితే ఏం లాభమప్పా? నువ్వే గదా ఆ పొద్దు మూత దీసి చూపిచ్చి చెప్పింది: 'అన్నా, ఈ పలకే దీని కన్ను, బొమ్మంతా ఇదే చూస్తాది, ఇదే చూపిస్తాది' అని. అందుకే మూత దీసి, తడిబట్టతో తుడిచి, కంటికే పెడతాం. నిమ్మకాయ కూడా దానికే పిండుతాం, దిష్టి తగలకుండ."

నయీమ్‌కు గుర్తొచ్చింది. తను అన్న మాటే. ఇరవై రెండేళ్ల వయసులో, కొత్త గిరాకీ ముందు గొప్ప కోసం అన్న మాట. కంప్యూటర్ సెంటర్లో అందరికీ కరెంటనీ, మెమరీ అనీ చెప్పేవాడు. శిల్పి కదా, శిల్పికి అర్థమయ్యేటట్టు చెప్పాలని కన్ను అన్నాడు. కన్నంటే వాళ్లు ఊరుకుంటారా? విగ్రహానికి ఆఖరున కన్ను తెరిచే మనుషులు. ఎక్కడో మూలన పారేసి ఉంటే దుమ్ము కొట్టుకుని బతికి ఉండేది. వాళ్లు పారేయలేదు. కోప్పడదామంటే ఎవరి మీద కోప్పడాలి? అతనికి ఏడుపొచ్చినంత పనైంది, గ్లాసెత్తి మజ్జిగ తాగేశాడు.

"బాగా చూసుకున్నారన్నా" అన్నాడు. "ఒక పనుంది, దీన్ని తీసకపోతా."

"నీ చేత్తో పెట్టినావు, నీ చేత్తో తీసకపో." దుడ్ల మాట ఎత్తనివ్వలేదు. ఊరికే ఇచ్చి పంపలేదు కూడా. కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి, కర్పూరం వెలిగించి, కార్డును కొత్త తుండుగుడ్డలో చుట్టి, టెంకాయతో సహా నయీమ్ చేతుల్లో పెట్టాడు. "మళ్లా ఆడితే నాకు ఫోన్ జెయ్ నయీమూ. ఎట్లా ఆడతాందో ఇనాలనుంది నాకు."

నంద్యాల బస్సులో నయీమ్ ఆ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క సీటాయన టెంకాయ చూసి, "అహోబిలం పోయొస్తాండావా?" అని పలకరించాడు. నయీమ్ తలూపాడు.

శుక్రవారం పొద్దున దుకాణం అరతలుపు వేసి కూర్చున్నాడు. దూది, స్పిరిటు, మెత్తటి పళ్ల బ్రష్షు. పైపొరలు కుంకుమ. దాని కింద గంధం, రాయిలా గట్టిపడింది. దాని కింద పసుపు. తుడిచేకొద్దీ బల్లంతా పెళ్లిపందిరిలా అయింది. కార్డు అంచులు కనిపించాయి. కంపెనీ పేరు కనిపించింది, చెక్కు చెదరలేదు. చిన్న చిప్పులు నాలుగూ బాగానే ఉన్నాయి. పాపం, నయీమ్‌కు మళ్లీ ఆశ పుట్టింది. జుమ్మా నమాజుకు వేళవుతోందని తెలిసీ లేవలేకపోయాడు.

ఆఖరున నడుమనున్న బొట్టు మీద స్పిరిటు వేసి, కాసేపు నాననిచ్చి, దూదితో మెల్లగా అద్దాడు. బొట్టు కరిగి దూదికి వచ్చింది. దూదితో పాటు చిప్పు కాళ్లు కూడా వచ్చాయి. వంద కాళ్లు ఉంటాయి దానికి, వెంట్రుకల్లాంటివి. ఏటేటా పిండిన నిమ్మరసం వాటిని ఎప్పుడో తినేసింది. ఇన్నాళ్లూ వాటిని కుంకుమే పట్టుకుని నిలబెట్టింది. తుడవకముందు చూడటానికైనా ఒక కార్డు ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

రాలిన కాళ్లను కాగితం మీదికి ఊడ్చి, అలాగే చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. చెన్నకేశవులు.

"ఏమప్పా, ఆడతాందా?"

"ఆడతాందన్నా" అన్నాడు నయీమ్.

"చూస్తివా! పూజ ఊరికే పోతాదా?" ముసలాయన నవ్వు గ్రైండర్ల మోతను దాటి వినబడింది. "ఇంట్లో అందరికీ చెప్తా" అని పెట్టేశాడు.

అదే అబద్ధం ఇంకొక చోట ఆడితే సరిపోయేది. నయీమ్ శనివారమంతా దాని గురించే ఆలోచించాడు. కార్డు చేసే పనంతా కొత్త కంప్యూటర్ మీద నకలు చేసి చూపించే ప్రోగ్రాం ఒకటి ఎప్పుడో తనే రాసుకున్నాడు. దాని మీద ఆట నిక్షేపంగా ఆడుతుంది. ఒక ఫోటో తీసి, "ఆడింది" అని రాస్తే, కాదనే మనిషి భూమ్మీద లేడు. కాదనాలంటే వాడి దగ్గర వర్ణ-16 ఉండాలి కదా. సుమయ్యా కూడా టీ ఇచ్చి, "రాసెయ్యి, ఎవరికి నష్టం?" అంది. ఆమెకు ఆట మీద ప్రేమ లేదు, రెండు రోజులుగా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్న మొగుడి మీద ఉంది.

నష్టం ఎవరికీ లేదు. రాయబోయాడు కూడా. పన్నెండేళ్లలో ఆ మాట ఇరవై సార్లు రాసి ఉంటాడు, ప్రతిసారీ నిజంగా ఆడించి, తెర ముందు నిలబడి రాశాడు. ఇప్పుడు ఒకటి దొంగది రాస్తే ఆ ఇరవైకీ విలువ పోతుందనిపించింది. ఒక ముసలాయన్ను సంతోషపెట్టడానికి అబద్ధమాడొచ్చు. జాబితాలో తన పేరు నిలుపుకోవడానికి ఆడలేకపోయాడు. అందుకే ఉన్నదున్నట్టు రాశాడు: నా కార్డు పోయింది, నాకు తెలిసిన రెండోది కూడా పోయింది, ఈసారి సాక్ష్యం చెప్పలేను. కొంచెం గడువిస్తే ఇంకెక్కడైనా వెతుకుతాను. ఈ కార్డు మీద ఆడుకునే మిగతావాళ్లను కూడా అడిగి చూడండి.

ఆటను నడిపే పెద్దమనిషి ఏదో చలి దేశంలో ఉంటాడు. నయీమ్ ఆయన్ను ఎప్పుడూ చూడలేదు, ముద్దుపేరు తప్ప అసలు పేరు తెలియదు. గంటలో జవాబు వచ్చింది. మంచి మనిషి, మెత్తగా రాశాడు.

"నయీమ్, పన్నెండేళ్ల శ్రమకు మా అందరి తరఫునా కృతజ్ఞతలు. నీకు ఒక నిజం చెప్పాలి. మిగతావాళ్లు ఎవరూ లేరు. వర్ణ-16 గురించి మాకు ఇన్నేళ్లలో నీ ఒక్కడి ఉత్తరాలే వచ్చాయి. దీన్ని తీసేద్దామని మాలో కొందరు ఎన్నోసార్లు అన్నారు. నయీమ్ ఇంత శ్రద్ధగా ఆడిస్తున్నాడు, ఉండనివ్వండి అని నేనే ఆపుతూ వచ్చాను. ఇక నిన్ను కష్టపెట్టడం న్యాయం కాదు. రాసినవాడి చేత్తోనే తీయించడం మన అలవాటు, అది అతనికిచ్చే మర్యాద. ఆదివారం లోపల నువ్వే తీసేస్తావా?"

నయీమ్ ఆ ఉత్తరం మూడుసార్లు చదివాడు. మొదటిసారి ఇంగ్లీషు సరిగా అర్థం కాలేదేమో అనుకున్నాడు. మూడోసారికి ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. ఏ మూలనో ఉన్నాడనుకున్న ఆ రిటైరైన మాస్టారు లేడు. ఎవరి తెరా చీకటి కాదు. తను సాయం చేస్తున్నానని అనుకున్నవాళ్లే ఇన్నేళ్లూ తనకు సాయం చేస్తూ వచ్చారు, అదీ తనకు తెలియనివ్వకుండా. కోపంగా జవాబు రాద్దామని కూర్చున్నాడు. కోపం రాలేదు. "తీసేస్తాను" అని రాశాడు.

ఆదివారం పొద్దున సుమయ్యా వంటింట్లో ఉండగా మొదలుపెట్టాడు. పద్నాలుగు నెలల ఆ అంకెలు, కామెర్ల మొహాన్ని సరిచేసిన ఆ పదహారు రంగుల పట్టిక, నిలువు పట్టీలను కలిపి కుట్టిన ఆ చిన్న చిన్న లెక్కలు, అన్నీ కలిపి పదమూడు వందల ఎనభై ఆరు లైన్లు. తీసేయడానికి పావుగంట కూడా పట్టలేదు. జాబితాలో నలభై రెండో వరస కూడా తనే తీశాడు.

తీశాక ఇంకొక పని ఉంది. ఏదైనా తీస్తే, దానివల్ల మిగతా ఆట చెడిపోలేదని చూడాలి. మిగిలిన నలభై ఒక్క కార్డులకూ పరీక్షలు నడిపించాడు. తెర మీద వరసలు పైకి పోతుంటే కుర్చీ అంచు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఎర్రర్ రావద్దని దువా చేసిన మనిషి, ఆ పొద్దు ఒక్క ఎర్రర్ రావాలని కోరుకున్నాడు. ఎక్కడో ఒక లైను తను రాసినదాని కోసం వెతుక్కోవాలి, దొరక్క ఆగిపోవాలి, అప్పుడు వాళ్లు ఇది తీయడానికి లేదు, పెట్టెయ్యి అంటారు. అంత పెద్ద ఆటలో ఒక్క లైనైనా తన మీద ఆనుకుని ఉండదా?

నలభై ఒక్క కార్డులూ ఒకదాని తర్వాత ఒకటి పాసయ్యాయి. ఎక్కడా ఏదీ ఆగలేదు. ఇదివరకటి కంటే మూడు సెకన్లు ముందే అయిపోయింది.